నూటికి ఒకటి ఎక్కువ

మేస్త్రికి జీవితంలో పెద్ద కోపాలు మూడు వచ్చాయి. చిన్నవి లెక్కలోకి రావు. అవి పొద్దున టీతో పాటు వచ్చి, గ్లాసు కడిగేలోపు పోతాయి.

మొదటి కోపం, ఆయన ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసిన ఇనుప పోత కర్మాగారం మూతపడినప్పుడు వచ్చింది. మూతపడినందుకు కాదు. ప్యాటర్న్ గదిలో అరల నిండా పేర్చి ఉన్న చెక్క అక్షరాలనూ అంకెలనూ పళ్ళచక్రాలనూ యజమాని అల్లుడు ఒక రొట్టెల బట్టీ పొయ్యిలోకి తోలించినందుకు. "మీ చెక్క బాగా ఎండింది మేస్త్రీ, మంచి మంట ఇస్తోందట" అని ఆ అల్లుడు మెచ్చుకున్నాడు కూడా. మేస్త్రి ఆ తర్వాత ఏడాది పాటు రొట్టె ముట్టలేదు.

రెండోది, వీధుల్లో గుంతల మీది ఇనుప మూతలు పీకేసి వాటి చోట ప్లాస్టిక్ మూతలు పెట్టినప్పుడు. వాటి మీద అక్షరాలు పోతపోసినవి కావు, అంటించినవి. మొదటి వానకే 'మంచినీరు'లో 'మంచి' కొట్టుకుపోయింది. మేస్త్రి గొడుగు వేసుకుని వెళ్ళి మరీ ఆ దృశ్యం చూసి వచ్చాడు.

మూడోది ఈ మధ్య వచ్చింది. అది ఇంకా పోలేదు.

దాని సంగతి చెప్పే ముందు మేస్త్రి విద్య గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇనుప వస్తువు ఏదైనా ఇనుముగా పుట్టే ముందు చెక్కగా పుడుతుంది. ఆ చెక్క రూపాన్ని తడి ఇసుకలో అదిమి, మెల్లగా పైకి తీస్తారు. మిగిలిన గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. చెక్క రూపాన్ని ప్యాటర్న్ అంటారు. దాన్ని చేసేవాడు ప్యాటర్న్ మేస్త్రి. ఈ విద్యకు రెండే శాసనాలు. ఒకటి, చెక్క మీద ఉలి గీత మిగలకూడదు. గోటితో గీసినంత గీత ఉన్నా ఇసుక దాన్ని పట్టుకుంటుంది, ఇనుము దాన్ని భక్తితో నకలు తీస్తుంది. కాబట్టి మేస్త్రి పనంతా తన చెయ్యి పడిన ఆనవాలు తానే చెరిపేసుకోవడం. రెండు, కరిగిన ఇనుము చల్లారితే కుదించుకుపోతుంది, సుమారు నూటికి ఒక వంతు. అందుకని ప్యాటర్న్‌ని ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టే ఓపిక ఎవరికీ ఉండదు గనుక, ఈ పనివాళ్ళకు స్కేలే వేరుగా ఉంటుంది. దాని మీద వంద అని రాసి ఉన్నచోటికి నిజంగా నూటొకటి ఉంటుంది. లోకంలోని స్కేళ్ళన్నీ ఉన్నదాన్ని చెబుతాయి. మేస్త్రి స్కేలు మాత్రం జరగబోయేదాన్ని ముందే గ్రహించి, ఆ మేరకు అబద్ధం చెబుతుంది.

ఆ ఉక్కు స్కేలు ఆయన ప్యాంటు కుడికాలి పక్కన, మోకాలి దాకా దిగిన ప్రత్యేకమైన జేబులో ఉంటుంది. ఆ జేబు కుట్టింది ఆయన భార్య. ఆమె టైలరు, వీధిలో అందరికీ టైలరమ్మ. మేస్త్రికి ఇంకో స్కేలు లేదు. ఉండాలన్న ఆలోచన కూడా ఆయనకు ఎన్నడూ రాలేదు.

ఆ స్కేలుతో ఆయన సృష్టించిన సాహిత్యం తక్కువేమీ కాదు. 'ప్రమాదం', 'మూత తీయరాదు', 'బరువు మించరాదు', 'మురుగు'. ఇన్నేళ్ళ రచనా జీవితంలో ఒక్క పాఠకుణ్ణీ సంతోషపెట్టలేదు గానీ, చదివినవాళ్ళలో చాలామంది ప్రాణాలతో బయటపడ్డారు.

ఇలా ఉండగా ఒక ఆదివారం మేనకోడలు వచ్చింది. మేస్త్రి చెల్లెలి కూతురు, డిజైన్ కాలేజీలో ఆఖరి ఏడాది. సంచిలోంచి ఒక కాగితం తీసి, గొంతు సవరించుకుని చదివింది.

"'చేతితో మలచిన త్రిమితీయ అక్షరం: ఒక ప్రయోగాత్మక రూపకల్పన.' ఇది నా ప్రాజెక్టు మావయ్యా."

"దినపత్రికలో పోయినవాళ్ళ గురించి వేస్తారే, అలా ఉంది. అంటే ఏంటే?"

"చెక్కతో అక్షరాలు చెయ్యాలి. ఎత్తుగా, లావుగా, చేత్తో తడిమి చూసేలా. మెషిను వాడకూడదు. వాడితే సున్నా వేసి ఏడాదంతా మళ్ళీ చదవమంటారు."

"నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు చేసిందదే కదా! దాన్ని ప్రయోగం అనాలని మాకెవ్వరూ చెప్పలేదే."

"ఇప్పుడు నేను చెబుతున్నాగా. నాకు నేర్పు. చెయ్యడం నేనే చేస్తా."

"ఏం మాట చేస్తావ్?"

"'నెమ్మది' అని."

"ఎక్కడ పెడతారు? బడి ముందా, ఆసుపత్రి ముందా?"

"ఎక్కడా కాదు. కాలేజీ గోడలో తలొక గూడు ఇచ్చారు, అందులో."

"మరి అక్కడ నెమ్మదిగా వెళ్ళాల్సిందెవరే?"

"చూసేవాళ్ళు, మావయ్యా."

ఎవరినీ ఏ ప్రమాదం నుంచీ కాపాడని మాటను చెయ్యమని మేస్త్రిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. లోపల్లోపల సంతోషించి, పైకి మాత్రం "ఉలి పట్టుకోవడం వచ్చా?" అని కసిరాడు.

ఇంటి వెనక గదిలో పని మొదలైంది. ఒకే కిటికీ, దాని కింద బల్ల. ఆ బల్ల ఒకప్పుడు ప్యాటర్న్ గది తలుపు, పొయ్యిలోకి పోకుండా మేస్త్రి భుజాన వేసుకుని తెచ్చుకున్న ఏకైక వస్తువు. గదిలో మొదటి నియమం, ఫోను లోపలికి రాకూడదు. "ఉలి ఉన్నచోట ఫోనుంటే వేళ్ళు పదికి తక్కువవుతాయి" అన్నాడు మేస్త్రి. మేనకోడలి ఫోను ఆరు వారాల పాటు టైలరమ్మ బొత్తాల డబ్బాలో తలదాచుకుంది. ఒక్క ఫొటో కూడా తీసుకోలేదు. ఈ నియమం తర్వాత ఎంత చేటు చేసిందో చూస్తాం.

ఆ అమ్మాయి అక్షరాలను అసలు సైజులో కాగితం మీద అచ్చు వేయించుకుని తెచ్చింది, చెక్క మీద అంటించి గీసుకుందామని. మేస్త్రి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పక్కన పెట్టాడు.

"కాగితం ముసురు పడితే సాగుతుంది, ఎండ కాస్తే ముడుచుకుంటుంది. దాన్ని నమ్ముకుని పని చేస్తామా? కొలతలు చదువు, నేను గీస్తా."

"గూడు వెడల్పు మీటరున్నర. మూడు అక్షరాలు, ఒక్కోటి యాభై సెంటీమీటర్లు. ఇటు గోడా అటు గోడా తాకుతూ, మధ్యలో సందు లేకుండా కూర్చోవాలి. అదే నా డిజైను."

మేస్త్రి కుడి కాలి పక్కనుంచి స్కేలు తీసి, ఎప్పటిలాగే, ఏ అనుమానమూ లేకుండా గీశాడు.

తర్వాత పనంతా ఆ అమ్మాయిదే. దేవదారు పలకలు జిగురుతో అతికి, రంపంతో కోసి, గుండ్ర ఉలితో కడుపులు తవ్వి, చిత్రిక పట్టింది. పక్కలు నిట్టనిలువుగా కాక, వెంట్రుకవాసి వాలుగా చెక్కడం నేర్చుకుంది. "ఇసుకలోంచి పైకి రావాలిగా" అన్నాడు మేస్త్రి. "ఇది ఇసుకలోకి పోదుగా మావయ్యా" అంటే, "పోకపోతే మాత్రం మర్యాద ఉండక్కర్లేదా" అన్నాడు. ఆఖరున గరుకు కాగితం, ఐదు రకాలు, ముతక నుంచి సన్నం దాకా. ఆపైన దూది పరీక్ష. దూది ఉండను చెక్క మీద ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు జరుపుతారు. ఒక్క పోగు చిక్కుకున్నా పని కానట్టే. మొదటి అక్షరం ఈ పరీక్ష నాలుగుసార్లు తప్పింది. ఆ అమ్మాయి అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. ఐదోసారి దూది జారిపోయినప్పుడు మేస్త్రి లేచాడు. వెళ్ళి రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు. ఆ ఇంట్లో అంతకు మించిన బిరుదు లేదు.

అక్షరాలకు గలీబులు కుట్టడానికి కొలతలు తీసుకుంటూ టైలరమ్మ ఆగిపోయింది.

"ఏవండీ, యాభై అన్నారు. నా టేపుకి యాభైన్నర వస్తోందేంటి?"

"బట్టల టేపు కదా. సాగి ఉంటుంది."

"సాగిన టేపు తక్కువ చూపిస్తుందండీ. ఎక్కువెలా చూపిస్తుంది?"

ఇది తిరుగులేని వాదం. తిరుగులేని వాదాలకు భర్తలు ఇచ్చే జవాబే మేస్త్రీ ఇచ్చాడు. "నీ కుట్టుపని వేరు, కొలతపని వేరు. అది జాకెట్లకు చాలు." టైలరమ్మ యాభైన్నరకే గలీబులు కుట్టింది. అవి సరిగ్గా సరిపోయాయి. మేస్త్రి దాన్ని గమనించలేదు. గమనించకూడదని నిశ్చయించుకున్న మనిషికి గలీబేం చెబుతుంది?

కాలేజీలో మొదటి పరిశీలన జరిగిన రోజు మేనకోడలు ఇంటికొచ్చిన తీరు చూసి టైలరమ్మ కుట్టుమిషను ఆపేసింది.

"మెషినుతో చేయించావన్నారత్తా."

"ఎవరే?"

"పెద్ద ప్రొఫెసరు. ఇలా అక్షరం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని..." ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని, గొంతు బరువుగా మార్చింది. "'ఇందులో చెయ్యి ఎక్కడుందమ్మా? నాకు చెయ్యి కనపడటం లేదే. మనిషి చేస్తే తప్పు కనపడాలి. తప్పే మనిషి సంతకం.' ఉలి దెబ్బలేవీ అని అడిగాడు. తీసేశామంటే నవ్వాడు. ఫొటోలు చూపించమన్నాడు. లేవన్నా. సోమవారం విచారణట. మెషినని తేలితే సున్నా."

మేస్త్రి ఇదంతా గుమ్మంలో నిలబడి విన్నాడు. మూడో కోపం పుట్టిన ఘడియ అదే. అది అరుపుగా రాలేదు. ఆయన లోపలికెళ్ళి చెప్పులు వేసుకున్నాడు, మళ్ళీ విప్పాడు, ఇంకోసారి వేసుకున్నాడు.

"నలభై రోజులు గీతలు పోగొట్టుకుంది పిల్ల. గీతలు లేవని దొంగంటారా?"

"ఆయన దారి కూడా చెప్పాడు మావయ్యా. 'ఇప్పటికైనా కాస్త చేతి స్పర్శ తీసుకురా, చూద్దాం' అన్నాడు. అంటే పైన నాలుగు ఉలి గాట్లు పెట్టి పట్టుకెళితే..."

ఆ అమ్మాయి వెనక గదిలోకి వెళ్ళింది. అక్షరాలను కాలేజీ నుంచి వెనక్కి తెచ్చేసుకుంది. 'నె' మీది గలీబు తీసి, గుండ్ర ఉలి అందుకుంది. పాపం, ఏడాది పోతుందన్న భయం ఆమెది. ఉలి చెక్కకు ఆని ఉండగా మేస్త్రి వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

"నాలుగు దెబ్బలు, మావయ్యా. వాళ్ళకి కావలసినవి నాలుగు దెబ్బలే."

"కొట్టు. కొట్టి, ఇవి పొరపాటున పడ్డాయని చెబుతావా, కావాలని పెట్టానని చెబుతావా?"

ఉలి మొన చెక్క మీదే ఆగింది.

"ఇప్పటిదాకా మనం అబద్ధం ఆడలేదు. ఆడితే ఇప్పుడే, వాళ్ళ కోసం, ఆడినట్టవుతుంది. తర్వాత నీ ఇష్టం." ఆయన చెయ్యి వదిలేశాడు.

ఉలి మళ్ళీ దాని అరలోకి వెళ్ళింది. అయితే ఆ అమ్మాయి కూడా మేస్త్రి వంశమే కనుక, చాలా గట్టిగా వెళ్ళింది.

సోమవారం విచారణ సంఘం కొలువు తీరింది. పెద్ద ప్రొఫెసరు మధ్యలో. ఒక పక్క కళ్ళజోడు లెక్చరరమ్మ. ఇంకో పక్క మూడో సభ్యుడు, ఆయన హాజరు కోసం ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద మూడు అక్షరాలు, గలీబులు విప్పి. వాటి వెనక మేనకోడలు, ఇస్త్రీ చొక్కాలో మేస్త్రి, చేతిసంచితో టైలరమ్మ. ఆమెను ఎవరూ పిలవలేదు, వద్దని చెప్పే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది.

"చూడండి, మీ నైపుణ్యాన్ని నేను శంకించడం లేదు" అన్నాడు ప్రొఫెసరు, శంకించేవాళ్ళంతా అనేలాగే. "కానీ చేతిపనికి ఒక ఆత్మ ఉంటుంది. ఒక గాటు, ఒక వణుకు. ఇది మరీ నున్నగా ఉంది."

"అయ్యా, మీరు గడ్డం ఎక్కడ చేయించుకుంటారు?" అన్నాడు మేస్త్రి.

"దానికీ దీనికీ..."

"నున్నగా ఉంది. గాటు ఒక్కటి కనపడటం లేదు. ఏ మెషిను గీసిందో అడుగుదామని."

మూడో సభ్యుడు దగ్గాడు. టైలరమ్మ సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి ఆయనకందించింది.

"మీ చొక్కా కుట్టినాయన దారం కొసలు వేలాడదీశాడా, చేత్తో కుట్టానని తెలియడానికి?" మేస్త్రి ఆగేలా లేడు. "ఒక చెక్క ఇవ్వండి. ఒక ఉలి ఇవ్వండి. ఈ పిల్ల మీ కళ్ళ ముందే చేస్తుంది. సాయంత్రానికి దూది కూడా నేనే తెస్తా."

"నిబంధనల్లో అలాంటి అవకాశం లేదండీ."

"పక్కలు చూడండి సార్" అంది మేనకోడలు. "నిలువుగా లేవు, వాలు ఉంది. ఆ వాలు చిత్రికతో పట్టింది నేను."

"కొత్త మెషిన్లు వాలు కూడా కోస్తున్నాయమ్మా." ప్రొఫెసరు చేతులు చాపాడు. యంత్రానికి రాని పని ఏదీ ఆయనకు తోచడం లేదు. మనిషికి వచ్చిన పని మాత్రం ఒక్కటే తోస్తోంది, తప్పు చెయ్యడం.

"గూట్లో పెట్టి చూద్దాం సార్" అంది కళ్ళజోడు లెక్చరరమ్మ. "ఎలాగూ ప్రాజెక్టు అంటే అక్కడ కూర్చున్నదే కదా."

అందరూ వరండాలోకి నడిచారు. 'నె' గూట్లో ఎడమ గోడను ఆనుకుని కూర్చుంది. దాని పక్కన 'మ్మ', సందు లేకుండా. మేనకోడలు 'ది'ని ఎత్తి పెట్టింది. అది పోలేదు. ఏటవాలుగా తోసింది. సగం దూరి, మూల ఒకటి బయటికి పొడుచుకుని, బిగుసుకుపోయింది.

"కొలత కూడా సరిగా లేదన్నమాట" అన్నాడు ప్రొఫెసరు, జాలిగా.

మేస్త్రి చెయ్యి తనంతట తానే కుడికాలి పక్కకు వెళ్ళింది. స్కేలు బయటికి తీసి, దాని మొహం కేసి, పాత స్నేహితుడు కోర్టులో ఎదురు సాక్ష్యం చెబుతుంటే చూసినట్టు చూశాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఒక్క పోత కూడా కొలత తప్పలేదు.

"తప్పు నాది" అన్నాడు. "పిల్లది కాదు. తప్పు నాది. ఇది పోతపని స్కేలు. ఇనుము కుదించుకుంటుందని నూటికి ఒకటి ఎక్కువ పెట్టి ఉంటుంది దీన్లో. ఇది ఉత్త చెక్క. దీన్ని ఎవరూ పోత పొయ్యరు. ఇది కుదించుకోదు. నాకు తట్టలేదు."

లెక్చరరమ్మ తన గదిలోంచి కాలేజీ స్కేలు తెచ్చి, గట్టు మీద రెండింటినీ పక్కపక్కనే పెట్టింది. మొదళ్ళు కలిశాయి. చివర్లు కలవలేదు. తర్వాత అక్షరాలను కొలిచింది. వెడల్పు, ఎత్తు, మందం, అన్నిచోట్లా అదే తేడా, నూటికి ఒకటి.

"మెషినులో కూడా నూటికి ఒకటి పెంచి కొయ్యొచ్చు" అన్నాడు ప్రొఫెసరు, ఓటమిని చివరి మెట్టు దాకా నడిపిస్తూ.

"కొయ్యొచ్చు సార్. కానీ మెషినుతో దొంగతనంగా చేయించుకునేవాళ్ళు గూట్లో పట్టేలా చేయించుకుంటారు గానీ, పట్టకుండా చేయించుకుంటారా?" అంది లెక్చరరమ్మ.

ప్రొఫెసరు ఇరుక్కుపోయిన 'ది' ముందుకు వెళ్ళి, కళ్ళు మూసుకుని, దాని మీద చెయ్యి వేశాడు.

"ఆహా" అన్నాడు. "ఇప్పుడు కనపడుతోంది చెయ్యి."

ఆ ఒక్క మాటతో మేనకోడలు పాసయింది. పాసవడమే కాదు, తరగతిలో మొదటి స్థానం. ఆ అమ్మాయి మావయ్యను కావలించుకుంది. మేస్త్రి మాత్రం కొయ్యలా నిలబడి ఉన్నాడు.

"నలభై రోజుల పని సాక్ష్యానికి పనికి రాలేదు. నా మతిమరుపు పనికొచ్చింది" అన్నాడు ఇంటికెళ్ళే దారిలో. ఆ మాట ఆ దారిలోనే ఎనిమిదిసార్లు అన్నాడు.

మర్నాడు చిత్రిక పట్టుకుని మళ్ళీ కాలేజీకి వెళ్ళాడు, ఒక్కో అక్షరం పక్కను అర సెంటీమీటరు తగ్గించి 'ది'ని సాపుగా కూర్చోబెట్టి వస్తానని. ముట్టుకోనివ్వలేదు. ప్రొఫెసరు గట్టి ఉత్తర్వులు ఇచ్చాడట, ఆ అక్షరం అలాగే, సగం బయటికి పొడుచుకుని ఉండాలని. కింద ఒక చీటీ అంటించి ఉంది. 'కొలత అనే నిరంకుశత్వంపై తిరుగుబాటుగా, రూపకర్త ఉద్దేశపూర్వకంగా ప్రతి అక్షరాన్నీ నూటికి ఒక వంతు పెంచి, దానికి ఊపిరి పోశారు.'

మేస్త్రి ఆ చీటీని మూడుసార్లు చదివాడు. జన్మలో మొదటిసారి తన అక్షరం వంకరగా, నలుగురిలో, పొగడ్తతో సహా నిలబడి ఉంది. చెవి మీది పెన్సిలు తీశాడు. చీటీ కింద మిగిలిన ఖాళీలో, పోతపని అక్షరాల్లో, గుండ్రంగా, సమంగా రాశాడు: 'ఉద్దేశం ఏమీ లేదు. పొరపాటు. స్కేలు మారింది.' అప్పటికి గుండె కాస్త తేలికపడి, ఇంటికొచ్చి భోంచేశాడు.

నాలుగో రోజు మేనకోడలు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. నవ్వు ఆపుకుంటోందో, ఏడుపు ఆపుకుంటోందో తెలియడం లేదు.

"మావయ్యా, నువ్వు చీటీ మీద రాసింది చూశారు."

"చింపేశారా?"

"లేదు. అద్దం బిగించారు. దాని కింద ఇంకో చీటీ పెట్టారు. 'ప్రయోగం రెండో దశ: వృద్ధ హస్తకళాకారుని నిరసన' అని."

మేస్త్రి చెప్పులు వేసుకున్నాడు. విప్పాడు. మళ్ళీ వేసుకున్నాడు.

టైలరమ్మ కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే, మెడలోని టేపు తీసి ఆయన వైపు చాపింది.

"వెళ్ళేవాళ్ళు ఇది కూడా పట్టుకెళ్ళండి. జాకెట్లకు చాలే టేపు. ఆ అద్దం ఎంత ఉందో కొలిచి రండి, గలీబు కుట్టి కప్పేద్దాం."

మేస్త్రి ఆ టేపు కేసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాపి తీసుకున్నాడు.